అడ్డపొగ ఓడెక్కిన రోజు

ఆ పాఠం మొదలెట్టే ముందు లీలారాణి టీచరు కిటికీలోంచి తల బయటపెట్టి వంటపాక వైపు కేకేయడం రివాజు.

"తవిటమ్మా, పోపు వేసేశావా?"

"ఇంకా నేదు మేస్టరమ్మా! కాసేపాగండి. కిందటేడు కారం దిగకముందే పప్పులో మిరపకాయలన్నీ ఎలిపోనాయి. బడి గుంటలు సప్పిడి కూడు తిన్నారు."

నెల్లిమర్ల దగ్గర ఆ ఊరి బడిలో, సముద్రాలు దాటొచ్చిన తెల్లదొరల పాఠం చెబితే అంతే. వాళ్ళ ఓడల్లో మన దేశానికొచ్చిన సరుకు, టీచరు పేరెత్తగానే పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఆమె గొంతు వినబడినంత మేరా ఒక్క కాయ మిగలదు. "దీని సంగతి అయిపోయింది" అన్నాకే తిరిగొస్తుంది. ఆ వీధికి కరెంటు కోత ఎంతో ఇదీ అంతే. కొట్టు జోగయ్య ఆ పూట బంగాళాదుంపలు తూచడు.

వంట చేసే తవిటమ్మకి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. ఆ వైపు పాతకాలం ఆడవాళ్ళు చాలామంది అంతే. ఇప్పుడు ఆమె అంగిట్లో తెల్లమచ్చ లేచింది. మానేస్తే తగ్గుతుంది, మానకపోతే కేన్సరే అన్నాడు విజయనగరం డాక్టరు. ఆమె తల్లి అలాగే పోయింది. తవిటమ్మ కూడా పోతే, ఐదో తరగతి చదివే మనవరాలు సింధుకి దిక్కెవరూ లేరు. పైడితల్లమ్మకి మొక్కుకుంది. లీలారాణి చర్చిలో ప్రార్థన చేయించింది. పొద్దుగూకేసరికి చుట్ట మళ్ళీ నోట్లోనే.

ఆ రోజు మిరప వెళ్ళింది, టమాటా వెళ్ళింది. జామకాయ పేరెత్తగానే, దొంగచాటుగా దాన్ని కొరుకుతున్న ఫిన్నీ అనే కుర్రాడి పై పళ్ళూ కింది పళ్ళూ టక్కున కొట్టుకున్నాయి. క్లాసంతా నవ్వింది. అప్పుడు తవిటమ్మ గరిటెతో గుమ్మంలోకొచ్చింది.

"మేస్టరమ్మా, సుట్ట మనదేనా, అదీ ఓడెక్కే వొచ్చినాదా?"

"అదీ ఓడలోదే. పుస్తకంలో లేదు కాబట్టి పాఠంలో చెప్పలేదు."

"అయితే సెప్పీండి. పంపించీండి దాన్ని."

లీలారాణి చెప్పింది. తవిటమ్మ బొడ్లో చుట్టల కట్ట పోయి చీర మడత జారింది. వీధిలో ఎవరో "ఓలమ్మో, నా సుట్ట!" అని అరిచారు. గంట కొట్టేలోగా టీచరు మిరపనీ, టమాటానీ, జామనీ వెనక్కి పిలిచింది. పొగాకుని పిలవలేదు.

తవిటమ్మ నెల్లిమర్ల వెళ్ళి కట్ట కొంటే బడి మలుపు తిరగ్గానే మాయమైంది. అక్కడే తాగేసి వద్దామంటే, బస్టాండులో అందరి ముందూ నిప్పు నోట్లో పెట్టుకోవడానికి సిగ్గేసింది. నాలుగు రోజులకే వంట వదిలేసి క్లాసులోకొచ్చేసింది.

"నానే పంపీమన్నాను, నానే అడుగుతన్నాను. ఒక్క మాట అనీండమ్మా, నీకు దణ్ణవెడతాను!"

లీలారాణి మనసు కరిగిపోయింది. నోరు ఆమెది, ప్రాణం ఆమెది, కాదనడానికి తానెవరు? మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"మేడమ్, నాకో డౌటు," అంది సింధు లేచి.

పిల్లలకి ఒక్క డౌటు మిగిలినా లీలారాణి పాఠం ముగించదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పెట్టుకున్న నియమం అది. పొగాకుని దాని పుట్టింట్లో ఎవరు పండించేవారని సింధు అడిగింది. తర్వాత ఫిన్నీ చెయ్యెత్తాడు, ఆ తర్వాత గ్లోరీ. తవిటమ్మ గుమ్మంలో చతికిలబడి ఏడ్చింది, పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టింది. అయినా డౌట్లు ఆగలేదు. రోజూ ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఆలోచించుకుని కొత్త డౌటుతో వచ్చేవారు.

సంక్రాంతి సెలవులు దాటాక డాక్టరు మచ్చ సగం పోయిందన్నాడు.

ఫిబ్రవరిలో ఓ రోజు పిల్లల దగ్గర డౌట్లు అయిపోయాయి. సింధు ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. డౌట్లు లేనప్పుడు పాఠం ముగించాల్సిందే, నియమం నియమమే. లీలారాణి బరువుగా "దీని సంగతి..." అంటూ పుస్తకం మూయబోయింది.

గుమ్మంలోంచి గరిటె పట్టుకున్న చెయ్యి పైకి లేచింది.

"మేస్టరమ్మా," అంది తవిటమ్మ, "నాకో డౌటున్నాది."