విన్న పిట్ట

2025 ఆగస్టు 17, ఆదివారం ఉదయం పదిన్నరకు పటమటలోని ఒక టిఫిన్ హోటల్ మేడ మీద కనకలక్ష్మి తన కెమెరాను టేబుల్ మీద పెట్టి, ఇక ఫోటోలు తీయనని చెప్పారు. పోటీ నుంచి మాత్రం తప్పుకోనన్నారు.

పోటీ జనవరి ఒకటిన మొదలైంది. ప్రకాశం బ్యారేజీకి నలభై కిలోమీటర్ల లోపల, ఏడాదిలో ఎవరు ఎక్కువ రకాల పిట్టలను చూస్తారన్నదే పోటీ. తొమ్మిది మంది చేరారు. బహుమతి లేదు. గెలిచినవారికి మిగతావాళ్ళు ఒక పూట టిఫిన్ పెట్టించాలి. నిబంధనలు నాలుగు. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి పిట్టను బయటికి రప్పించకూడదన్నది మొదటిది. ఫోటో లేని పిట్ట లెక్కకు రాదన్నది నాలుగోది. మిగతా రెండూ తేదీలకు, దూరానికి సంబంధించినవి. వాటిమీద ఎప్పుడూ గొడవ రాలేదు.

నిబంధనలు రాసింది జయపాల్. గుణదలలో పళ్ళ డాక్టరు. లెక్కలు చూసేదీ ఆయనే.

కనకలక్ష్మికి అరవై ఒకటి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ఆ శాఖలోనే రిటైరయ్యారు. గ్లాకోమాతో కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి గొట్టంలోంచి చూసినంత మేరే కనిపిస్తుంది. అదీ తగ్గుతోందని, పోయిన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు ఆ వారమే చెప్పారు. కొమ్మ మీద పిట్ట ఉందని ఆమెకు కూతతో తెలుస్తోంది. కెమెరా అటు తిప్పి వెతికేలోగా అది వెళ్ళిపోతోంది.

"విన్న పిట్టను లెక్కలో వేయాలి. అందరికీ వేయండి, నా ఒక్కదానికే అని అడగడం లేదు," అన్నారామె.

చిట్టిబాబు నవ్వారు. ఆయనకు కంకిపాడులో చేపల మేత కొట్టు ఉంది. అప్పటికి పోటీలో ముందున్నది ఆయనే.

"మా అమ్మమ్మకి కూడా చూపు లేదండి. మంచం మీద పడుకుని అన్నీ వింటది. ఆవిడ పేరు కూడా రాసేద్దామా?"

"రాయండి. నీళ్ళలో మునిగే బుడబుంగ కూతకీ కప్ప కూతకీ తేడా చెప్తే, తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టండి."

"కప్ప కూడా లెక్కలోకి వస్తదా ఏంటండి కొంపదీసి?"

"మీ లెక్కలో ఎన్ని కప్పలున్నాయో నాకేం తెలుసు?"

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జయపాల్ నవ్వలేదు.

"అమ్మా, ఫోటో పెట్టింది ఎవరినో ఆపడానికి కాదు. ఎవరు ఏది చెప్తే అది నమ్మాల్సి వస్తే పోటీ ఉండదు."

"నమ్మొద్దు. సాక్షిని పెట్టండి. పక్కన ఇంకొకరు ఉండి, వాళ్ళూ విని, పేరు చెప్పాలి. అప్పుడే రాయండి."

గంటసేపు వాదన జరిగింది. చివరికి జయపాల్ ఒప్పుకున్నారు, షరతుతో. ఇది ఈ ఏడాదికి మాత్రమే. వచ్చే ఏడాది సంగతి డిసెంబరులో తేలుస్తారు. ఈలోగా విన్న పిట్టల్లో ఒక్క తప్పుడు పిట్ట బయటపడినా పాత నిబంధన తిరిగి వస్తుంది.

"అంటే వచ్చే జనవరికి నేను ఉంటానో లేదో ఒక్క పిట్ట మీద ఉందన్నమాట," అన్నారు కనకలక్ష్మి.

"అలా అనకండమ్మా."

"ఉన్నదే అంటున్నా. సరే, రాసుకోండి."

కెమెరాను అక్కడే చెల్లెలి కూతురు ఉషకు ఇచ్చేశారు. ఉష ఒక కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆమె కూడా పోటీలో ఉన్నారు. కారు నడిపేదీ, సాక్షిగా ఉండేదీ ఆమే.

సెప్టెంబరు నుంచి ఆదివారాలు ఇద్దరూ తెల్లవారకముందే బయల్దేరేవారు. కనకలక్ష్మి కారు దిగి, గట్టు మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేవారు. మొదట ఆమె పేరు చెప్పకూడదు. ఉష విని, పేరు తన ఫోన్‌లో రాసుకోవాలి. తరువాత ఆమె చెప్పాలి. రెండూ ఒకటైతేనే జయపాల్‌కు పంపాలి. ఈ పద్ధతి కనకలక్ష్మి పెట్టిందే. ఒకటి కానివి చాలా ఉన్నాయి. అవి పంపలేదు.

నవంబరు 30, ఆదివారం వారు కంకిపాడు దాటి ఒక మురుగు కాలువ దగ్గర ఆగారు. కాలువకు రెండు పక్కలా జమ్ము మనిషెత్తు పెరిగి ఉంది. జమ్ములో తిరిగే నీటికోళ్ళలో ఎర్రరొమ్ము క్రేక్ ఒకటి. అది బయటికి రాదు. అంతవరకూ పోటీలో ఎవరికీ దొరకలేదు.

"టీ కొట్టు ఉందేమో చూసొస్తాను పెద్దమ్మా," అని ఉష మలుపు దాకా నడిచారు.

కాసేపటికి మలుపు వైపు నుంచి కూత వినిపించింది. పై నుంచి కిందికి జారుతూ వణికే కూత. కనకలక్ష్మి కదల్లేదు. కొద్దిసేపట్లో అవతలి గట్టు వైపు నుంచి అదే కూత జవాబుగా వచ్చింది. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. ప్రతి కూత తరువాతా ఎక్కడో కుక్క రెండుసార్లు మొరిగింది. ఊరి కుక్క అనుకున్నారామె.

ఉష తిరిగి వచ్చి ఫోన్ చూపించారు. అందులో క్రేక్ అని ఉంది. కనకలక్ష్మి కూడా క్రేక్ అన్నారు.

జమ్ము సందులోంచి కనకలక్ష్మి కనిపించే చోట, అవతలి గట్టు మీద చిట్టిబాబు ఉన్నారు. ఆ సంగతి ఏడున్నరకు గ్రూపులో ఆయన మెసేజి వచ్చాకే వీళ్ళకు తెలిసింది. "క్రేక్ విన్నాను. రెండు ఉన్నాయి. సాక్షి కనకలక్ష్మి గారు." కింద ఎవరో రాశారు: "అమ్మమ్మ గారు బాగున్నారా అండి?" చిట్టిబాబు దండం పెట్టే బొమ్మ పంపారు.

నవంబరులో తనతో సమానంగా వచ్చిన జయపాల్‌ను ఆ పిట్టతో ఆయన మళ్ళీ దాటారు. జయపాల్ వరుసగా మూడు ఉదయాలు ఆ కాలువకు వెళ్ళారు. ఏమీ వినిపించలేదు.

డిసెంబరు 14న అందరూ అదే హోటల్ మేడ మీద కలిశారు. నిబంధన సంగతి ఆ రోజు తేలాలి. దోసెలు వచ్చేలోగా జయపాల్ ఫోన్ తీశారు.

"నేనేమైనా పొరపాటు పడుతున్నానా? ఇదేనా మీరు విన్నది?"

పిట్ట కూతలు దాచే సైటులో మొదట వచ్చే రికార్డింగు అది. కూత జారుతూ వణికి ఆగింది. తరువాత దూరంగా కుక్క రెండుసార్లు మొరిగింది.

"మళ్ళీ పెట్టండి," అన్నారు కనకలక్ష్మి.

మళ్ళీ పెట్టారు. కుక్క మళ్ళీ రెండుసార్లు మొరిగింది.

"ఇది కంకిపాడు కుక్క. ఆ రోజు ఇటు కూసినా ఇదే మొరిగింది, అటు కూసినా ఇదే మొరిగింది. డాక్టరు గారూ, నా క్రేక్ కొట్టెయ్యండి. అది పిట్ట కాదు, ఫోను."

 ముందుగా నోరు విప్పింది చిట్టిబాబు.

"నేను పెట్టిన మాట నిజమేనండి. రెండుసార్లే. కానీ అవతల గట్టు నుంచి జవాబు వచ్చింది కదా! అది పిట్టే అనుకున్నా."

"ఆ జవాబు నాది," అన్నారు ఉష. "నేనూ అట్నుంచి పిట్టే పలుకుతోందనుకున్నా. సారీ పెద్దమ్మా. ఒక్కసారి పలికిస్తే నీకు దొరుకుతుందని..."

"అంటే మీ ఫోనూ మా చిట్టిబాబు గారి ఫోనూ మాట్లాడుకున్నాయా?" అన్నారు చివర కూర్చున్న సొలొమోను. ఆయన రైల్వేలో గార్డు. "పెళ్ళి ఎప్పుడంట?"

నవ్వు ఆగాక జయపాల్ ఇద్దరి క్రేక్‌లూ కొట్టేశారు. తరువాత ఉషను అడిగారు: "ఇంకెప్పుడైనా పెట్టారా?"

"లేదండి. ఆ ఒక్కసారే."

"మీ మాట కాదనడం లేదు. కానీ సెప్టెంబరు నుంచి అమ్మగారి పిట్టలన్నిటికీ సాక్షి మీరే. నేనేం చెయ్యను? షరతు అందరి ముందూ అనుకున్నదే."

"తప్పుడు పిట్ట బయటపడింది, నిజమే," అన్నారు కనకలక్ష్మి. "ఎవరు బయటపెట్టారు? మీ ఫోటోనా? రెండు వారాలు మీ అందరి లెక్కలోనూ కూర్చుంది. నా చెవి మోసపోయింది, నా చెవే పట్టుకుంది. ఉష సాక్ష్యం చెప్పినవన్నీ కొట్టెయ్యండి. ఈ నెలాఖరులోగా మళ్ళీ వింటాను. అప్పుడు తేల్చండి నిబంధన."

"సాక్షి ఎవరు?"

"చిట్టిబాబు గారు."

"నేనా?" చిట్టిబాబు చేతిలోని చెంచా కింద పెట్టారు.

"నా చెవి మీద నమ్మకం లేనిది మీకే కదండి. మీకంటే మంచి సాక్షి నాకెక్కడ దొరుకుతాడు?"

"పొద్దున్నే కొట్టు తియ్యాలండి నేను."

"పిట్టలు అంతకంటే ముందే లేస్తాయి."

మొదటి నిబంధన తప్పినందుకు చిట్టిబాబుకు వేరే శిక్ష అక్కర్లేదని సొలొమోను అన్నారు. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. ఉష నెలాఖరు దాకా పోటీ నుంచి తానే తప్పుకున్నారు. ఆమెను తప్పుకోమని ఎవరూ అడగలేదు.

మర్నాటి నుంచి చిట్టిబాబు కారు తెల్లవారకముందే పటమటలో కనకలక్ష్మి ఇంటి ముందు ఆగేది. పద్ధతి అదే. ముందు చిట్టిబాబు రాసుకోవాలి, తరువాత ఆమె చెప్పాలి. మొదటి రెండు రోజులూ ఆయన రాసినవాటిలో సగం తప్పయ్యాయి. మూడో రోజు ఆయన గట్టు మీద రెండో స్టూలు వేశారు.

"ఇప్పుడు కూసింది పసులపోలిగాడే కదండి?"

"ముందు రాయండి. నన్నడక్కూడదు."

"రాశానండి. రూఢి చేసుకుందామని."

"డేగ. కాదు, ఆగండి." ఆమె మళ్ళీ విన్నారు. "పసులపోలిగాడే. డేగలాగా కూసి గోరింకల్ని బెదిరిస్తున్నాడు వెధవ. మీరు రాసిందే కరెక్టు. ఇవాళ నాది తప్పు."

చిట్టిబాబు ఆ సంగతి గ్రూపులో పెట్టారు. పెట్టమని చెప్పింది ఆమే.

కొట్టేసిన పిట్టల్లో చాలావరకు తిరిగి వచ్చాయి. కొన్ని రాలేదు. చాతకపక్షి వానలతో వచ్చి వానలతో వెళ్ళిపోతుంది. సెప్టెంబరులో ఆమె దాన్ని ఉయ్యూరు దగ్గర విన్నారు. డిసెంబరులో అది ఇక్కడ ఉండదు.

"చాతకం రాసేద్దామండి," అన్నారు చిట్టిబాబు, పెనమలూరు దగ్గర కారులో. "మీరు విన్నారని నాకు నమ్మకమే. నేను సంతకం పెడతా."

"మీరు విన్నారా?"

"నేనెక్కడ విన్నానండి?"

"అయితే లేదు."

"ఒక్కటే కదండి. ఎవరు చూడొచ్చారు?"

"చూడ్డానికి ఎవరూ రారనే కదా, నేను అడిగింది సాక్షిని. కారు పోనివ్వండి."

డిసెంబరు 31, బుధవారం తెల్లవారుజామున వారు కంకిపాడు మురుగు కాలువకు వెళ్ళారు. ఈ కాలంలో దొరికేవాటిలో క్రేక్ ఒక్కటే మిగిలింది. కనకలక్ష్మి తన ఫోన్ చిట్టిబాబుకు ఇచ్చారు. ఆయన రెండు ఫోన్లూ కారు డిక్కీలో పెట్టి తాళం వేశారు. మంచు దిగి ఉంది. జమ్ము వైపు తిరిగి ఇద్దరూ స్టూళ్ళ మీద కూర్చున్నారు.

ఎండ వచ్చేదాకా ఏమీ వినిపించలేదు. ట్రాక్టరు ఒకటి గట్టు మీదుగా వెళ్ళింది. అది వెళ్ళాక జమ్ము వెనక నుంచి వణికే కూత వచ్చింది.

చిట్టిబాబు లేచి నిలబడ్డారు. రాసుకోవాలన్న సంగతి మరిచిపోయారు. "అదేనండి! అదే! కుక్క కూడా లేదు చూడండి! నేను సాక్ష్యం. క్రేక్!"

కనకలక్ష్మి చెయ్యి ఎత్తి ఆగమన్నారు. కూత మళ్ళీ వచ్చింది.

"కూర్చోండి. బుడబుంగ."

"కాదండి. జారింది, నేను విన్నాను."

"జారలేదు. ఉన్నచోటే వణికింది. రాయకండి."

"రాస్తే మీకే కదండి మంచిది! సాయంత్రం డాక్టరు గారు తేల్చేస్తారు."

"బుడబుంగని క్రేక్ అని రాసి గెలవడానికేనా ఇన్నాళ్ళూ మంచులో కూర్చుంది? రాయకండి అన్నాను."

కొంతసేపటికి జమ్ము అంచున నీళ్ళలో ఒక పిట్ట తేలింది. చిట్టిబాబు బైనాక్యులర్‌తో చూశారు. అది మునిగింది. ఇంకొంచెం అవతల మళ్ళీ తేలి, కూసింది.

"ఏంటది?" అని కనకలక్ష్మి అడిగారు.

"బుడబుంగేనండి."

తొమ్మిది దాకా కూర్చున్నారు. క్రేక్ కూయలేదు. డిక్కీ తెరిచాక చిట్టిబాబు గ్రూపులో మెసేజి పెట్టారు: "క్రేక్ లేదు. కూసింది బుడబుంగ. నేను క్రేక్ అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు."

ఆ సాయంత్రం జయపాల్ ఫలితాలు పంపారు. మొదటి స్థానం జయపాల్‌ది, రెండోది చిట్టిబాబుది. ఇద్దరికీ తేడా ఒక్క పిట్ట. కనకలక్ష్మిది ఆరో స్థానం. నిబంధన గురించి అందులో ఏమీ లేదు.

రాత్రి భోజనాల వేళకు కనకలక్ష్మి గ్రూపులో ఒక వాయిస్ మెసేజి పెట్టారు. "డాక్టరు గారూ, మీరు రాసినా రాయకపోయినా రేపు ఆరింటికి నేను స్టూలు వేసుకుని బ్యారేజీ కింద కూర్చుంటాను. వచ్చేవాళ్ళు రండి."

2026 జనవరి 1, గురువారం ఉదయం ఆరుంబావుకు కొత్త ఏడాది పట్టికలో జయపాల్ మొదటి వరుస నింపారు. "జెముడుకాకి. బ్యారేజీ దిగువ. విన్నది: కనకలక్ష్మి. సాక్షులు: చిట్టిబాబు, జయపాల్."