గిన్నెడు నీళ్ళు

దుప్పటి రెండు మూలలనూ బొటనవేళ్ళ కింద బిగించి, ఒక్క విదిలింపు విదిలించి, గిన్నెమ్మ దాన్ని వేడి రోలరు నోటికి అందించింది. రోలరు దాన్ని నెమ్మదిగా లోపలికి లాక్కుంది. తడి అంతా ఆవిరై లేచింది. అవతలి వైపున దుప్పటి కాగితంలా చదునుగా దిగేసరికి, ఆమె రెండోదాని మూలలు వెతకడం మొదలుపెట్టింది.

ఆసుపత్రి వెనక ఉన్న ఆ లాండ్రీ గదికి కప్పు కిందికి ఉంటుంది. గోడల వెంట పోయే ఆవిరి గొట్టాలకు గోనెపట్టాలు చుట్టి ఉంటాయి. సబ్బూ, బ్లీచింగూ కలిసిన వాసన తలుపు బయటికే ఎదురొస్తుంది. గిన్నెమ్మ పీట మీద నిలబడి పనిచేస్తుంది. పీట తీసేస్తే ఆమె గడ్డం యంత్రం అంచుకు తగులుతుంది. తల నెరిసిన మనిషి, ఎత్తు మాత్రం పదేళ్ళ పిల్లది. ఏళ్ళ తరబడి నిలబడగా పీట మీద ఆమె రెండు పాదాలకూ రెండు గుంటలు పడ్డాయి. వేడి గుడ్డలు పట్టీ పట్టీ వేళ్ళ కొనలు అద్దంలా నునుపెక్కాయి. హాజరు తీసుకునే వేలిముద్రల యంత్రం ఆమెను ఏనాడూ గుర్తుపట్టలేదు.

"నిన్ను దేవుడు తప్ప ఎవడూ గుర్తుపట్టలేడు గిన్నెమ్మక్కా," అంటాడు బాయిలరు చూసే అతను.

"ఆయన గుర్తుపడితే చాల్లే తమ్ముడూ. జీతం ఎలాగూ మేనేజరు ఇస్తాడు," అంటుంది ఆమె.

ఆ రోజు మాత్రం ఆమె మనసు రోలరు మీద సగమే ఉంది. ఆమె తమ్ముడి కూతురు ఈ ఆసుపత్రిలోనే మందుల కౌంటరులో పనిచేస్తుంది. తమ్ముడు పోయాక ఆ పిల్లకు పెద్దదిక్కు గిన్నెమ్మే. ఇప్పుడు ఆ పిల్లకు నాలుగో నెల. కడుపులో బిడ్డకు గుండె సగమే ఏర్పడిందని స్కానింగులో తేలింది. రేపు పొద్దున ఆ పిల్ల కౌంటరుకు కాకుండా పై అంతస్తుకు వెళ్ళాలి. అక్కడ కడుపు తీసేస్తారు. వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

దుప్పట్ల బండి అయిపోయి పొత్తిగుడ్డల బండి వచ్చింది. పుట్టిన బిడ్డలను చుట్టే ఈ చదరపు గుడ్డలంటే గిన్నెమ్మకు ప్రాణం. రోలరుకు ఇవ్వదు, చేతి ఇస్త్రీ చేస్తుంది. నాలుగు మడతలు వేసి, చెంపకు ఆనించి చూసి, గరుగ్గా ఉంటే మళ్ళీ నీటి తొట్టిలో వేస్తుంది. ఇవి కాక ఆమె సొంతంగా కుట్టేవి వేరే ఉన్నాయి. పాతబడి చిరిగిన దుప్పట్లను ఆసుపత్రి పారేస్తుంది. వాటిలో మనుషులు పడుకుని పడుకుని మెత్తబడిన చోటు చూసి, చిరగని ముక్క కత్తిరించి, అంచు మడిచి కుడుతుంది. అవి బతకని బిడ్డలకు. అరచేతిలో పట్టేంత బిడ్డకైనా సరే, పైనుంచి కబురొస్తే ఒకటి పంపుతుంది. ఆ గుడ్డలకు కుట్టు ఎప్పుడూ బయటి వైపే ఉంటుంది.

బాయిలరతను మొదట్లో నవ్వాడు. పోయిన బిడ్డకు కుట్టు గుచ్చుకుంటుందా అని అడిగాడు. గిన్నెమ్మ తల ఎత్తకుండానే, "బిడ్డ బిడ్డేగా," అంది. తర్వాత ఒకరోజు అతను ఇంట్లో చిరిగిన మెత్తటి దుప్పటి ఒకటి తనే తెచ్చిచ్చాడు.

ఒకసారి ఒక కొత్త నర్సు కిందికి కబురు పంపింది. ఒకావిడ తనంతట తానే కడుపు తీయించుకుంది, ఇప్పుడు గుడ్డ అడుగుతోంది, అలాంటివాళ్ళకు కూడా ఇవ్వాలా అని. గిన్నెమ్మ గుడ్డ పట్టుకుని తనే మెట్లెక్కింది. "గుడ్డకి అడిగే నోరు లేదమ్మా. నాకుంది గానీ అడగను," అని నర్సుతో చెప్పి, ఆ తల్లి మంచం పక్కనే సాయంత్రం దాకా కూర్చుంది. కిందికి వచ్చాక బాయిలరతను నిలదీశాడు. మీ చర్చిలో అది తప్పు అంటారుగా, తప్పా కాదా తేల్చు అన్నాడు.

"తప్పే. తప్పు చేసినవాళ్ళకి కాకపోతే క్షమాపణ ఎవరికి, ఈ గోడలకా?"

వాళ్ళది లూథరన్ చర్చి. అక్కడ నేర్చుకున్న పాఠాలను గిన్నెమ్మ ఇస్త్రీ మడతల్లాగే దాచుకుంది. ప్రాణం మన సంపాదన కాదు, ఎవరి యోగ్యతా చూసి ఇచ్చేదీ కాదు, ఊరికే ఇచ్చిన వరం అన్నది అందులో పై మడత. ఈ పాఠం ఆమెకు పుస్తకం కంటే ముందు తన పుట్టుకే నేర్పింది.

ఆమె తల్లి కూడా లాండ్రీ మనిషే. కడుపులో బిడ్డ ఎదగడం లేదు, తీయించుకుంటే మేలని ఆ తల్లికి అందరూ చెప్పారు. "ఇచ్చినాయన అడిగితే ఇచ్చేస్తా. మధ్యలో నేనెవర్ని?" అందట ఆమె. నెలలు నిండకుండానే పుట్టిన పిల్ల పిల్లి కూనంత ఉంది. ఏడవలేదు. ఈ పిల్ల తెల్లారేదాకా ఉండదని మంత్రసాని చూడగానే చెప్పింది. పాస్టరు ఊళ్ళో లేడు. అలాంటప్పుడు బాప్తిస్మం పొందినవారెవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చని వాళ్ళ చర్చి నియమం. మంత్రసాని పొయ్యి పక్కనున్న పాల గిన్నె కడిగి, నీళ్ళు నింపి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల మూడు నామాలూ పలికి పిల్ల తల మీద పోసింది. తెల్లవారింది. పిల్ల ఉంది.

పాస్టరు తిరిగి వచ్చాక ఆదివారం అందరి ముందూ మంత్రసానిని అడిగాడు. ఎవరు పోశారు, ఏం పోశారు, ఏమని పోశారు అని. ఆమె చెప్పింది. "అయితే అయిపోయింది. మళ్ళీ పోసే పని లేదు," అన్నాడాయన. అలా ఆ చర్చిలో పాలరాతి తొట్టి దగ్గరకు వెళ్ళకుండా బాప్తిస్మం పొందినది ఈమె ఒక్కతే. పిల్లలు గిన్నెమ్మ అని పేరు పెట్టి ఏడిపించారు. ఆమె ఏడవలేదు. "దేవుడు మీకోసం ఆదివారం దాకా ఆగాడు. నాకోసం పరిగెత్తుకొచ్చాడు," అని నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పింది. అప్పటినుంచి ఎవరైనా ఆమెను అసలు పేరుతో పిలిస్తే పలకడమే మానేసింది.

మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది. ఖాళీ బండి అంచు మీద కూర్చుని అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుంది, మూత తీయలేదు. గిన్నెమ్మ పీట మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"రేపత్తా."

"తెలుసే."

మేనకోడలు చెప్పిన సంగతులే మళ్ళీ చెప్పింది. బిడ్డ పుట్టినా గంట ఉంటుందో, ఒక పూట ఉంటుందో డాక్టరు చెప్పలేనన్నాడు. తన ఒంటికి మాత్రం ప్రమాదం లేదన్నాడు. భర్త చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడు. తొమ్మిది నెలలూ మోసి చేతులు ఖాళీ చేసుకుంటే నువ్వేమైపోతావు అంటున్నాడు. బస్సులో ఎవరో నవ్వుతూ ఎన్నో నెలమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక మధ్య స్టాపులో దిగిపోయింది.

పాస్టరమ్మ కూడా ఇంటికి వచ్చి వెళ్ళింది. తల్లి ప్రాణం మీదికి వచ్చినప్పుడు సంగతి వేరు, అప్పుడు ఏడుస్తూనైనా తల్లిని దక్కించుకోవాలి, ఇది అలాంటిది కాదు అంది. కడుపులోది చిన్నదైనా, జబ్బుదైనా దేవుని బిడ్డే అంది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి మేనకోడలి చేయి పట్టుకుందట. తప్పు కాదని నీకు అబద్ధం చెప్పను, నువ్వేం చేసినా నిన్ను విడిచిపెట్టను, ఈ రెండూ గుర్తుంచుకో అందట.

"నువ్వేం చేయమంటావత్తా? నువ్వు చెప్తే చేస్తా."

గిన్నెమ్మ దారం పళ్ళతో కొరికింది.

"నేను చెప్తే నువ్వు మోసేది నా మాట. మోయాల్సింది బిడ్డని. నా మాట అన్ని నెలలు ఆగదే."

"అందరూ నీ పేరే చెప్తున్నారు. గిన్నెమ్మ బతకలేదా, డాక్టర్లకేం తెలుసు అని."

"అదొక్కటి నమ్మకు," అంది గిన్నెమ్మ. ఈసారి సూది పక్కన పెట్టింది. "నేను బతికానని ఇదీ బతుకుతుందని నేను చెప్పను. డాక్టరు చూసే చెప్పుంటాడు. మా అమ్మ నాకు నీళ్ళు పోయించింది బతుకుతానని కాదు, పోతానని. తెల్లారకముందే పోయుంటే నేను నేను కాకుండా పోతానా? ఆ నీళ్ళు పడింది నా నెత్తినేగా."

మేనకోడలు డబ్బా మూత వేలితో గీకుతూ కూర్చుంది. "గంట కోసమా అత్తా?" అంది.

"మనకది గంట. దానికి నిండు నూరేళ్ళు."

మేనకోడలు కళ్ళు తుడుచుకోవడానికి చేతికి అందింది పట్టుకుంది. అది ఇస్త్రీ చేసిన పొత్తిగుడ్డ. గిన్నెమ్మ చటుక్కున లాక్కుంది.

"ఉతికిన గుడ్డే దొరికిందా నీకు, ముక్కు చీదడానికి?"

మేనకోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. డబ్బా తెరిచింది. ఇద్దరూ తిన్నారు. వెళుతూ వెళుతూ, నీళ్ళు పోసిన ఆ గిన్నె ఇంకా ఉందా అని అడిగింది.

"ఎక్కడికి పోతుంది? పొద్దున దాన్లోనే పాలు కాచుకున్నా. పాస్టరమ్మ చర్చి బీరువాలో దాస్తానంది. మరి నేను పాలు దేంట్లో కాచుకోవాలి అన్నాను."

మధ్యాహ్నం తర్వాత గిన్నెమ్మ మిగిలిన బండి పూర్తిచేసింది. ఈ పొత్తిగుడ్డలు పేర్చేసి కాసేపు నడుం వాలుస్తానని బాయిలరతనికి చెప్పింది. మడతలన్నీ ఒకే వైపుకు వచ్చేలా, అంచులు గోడ కట్టినట్టు సమంగా పేర్చింది. చేత్తో ఒకసారి నిమిరి చూసుకుంది. తను చేసిన పని చూసుకున్నప్పుడల్లా ఆమె ఛాతీ కాస్త ముందుకు వస్తుంది, పొట్టి మనిషి కాస్త పొడుగవుతుంది. ఇప్పుడూ అలాగే అయింది. తర్వాత పీట మీద కూర్చుని ఆ వెచ్చటి దొంతరకు తల ఆనించింది.

బాయిలరతను ఆవిరి ఆపి, టీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. కునుకు పట్టిందనుకుని కొలిమి తలుపు చప్పుడు కాకుండా మూశాడు. తిరిగి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. గిన్నెమ్మక్కా అని పిలిచాడు. రెండోసారి ఇంకా మెల్లగా పిలిచాడు. మూడోసారి పిలవలేదు. తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకుని, మందుల కౌంటరు వైపు నడిచాడు.

శవపేటిక చేసే వడ్రంగి కొలత విని, "పాపా?" అని జాలిగా అడిగాడు.

"కాదు, పెద్దావిడ," అంది మేనకోడలు. తర్వాత తల ఎత్తి మళ్ళీ చెప్పింది. "చాలా పెద్దావిడ."

మర్నాడు చర్చి నిండిపోయింది. వెనక వరసల్లో చాలామంది ఆడవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళెవరో చర్చివాళ్ళకు తెలియదు. ఒకరికొకరికీ తెలియదు. బాయిలరతను మాత్రం వాళ్ళను చూడగానే పోల్చుకున్నాడు, ఎవరు ఏ బిడ్డకు తల్లో తెలియకపోయినా, అందరూ గిన్నెమ్మ గుడ్డ అందుకున్న తల్లులేనని. పేటికలో గిన్నెమ్మకు ఆమె కుట్టిన గుడ్డలు నాలుగు కలిపి పరిచారు. కుట్టు బయటి వైపు ఉండేలా మేనకోడలే చూసింది.

సమాధి దగ్గర్నుంచి తిరిగివస్తూ ఆమె అత్త గదికి వెళ్ళింది. పొయ్యి పక్కన గిన్నె కనబడింది. అడుగున పాల మీగడ అట్టకట్టి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చింది. బూడిదేసి, నానబెట్టి, మళ్ళీ తోమింది. భర్త వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. ఈ రోజు వెళ్ళలేకపోయాం కదా, ఆసుపత్రివాళ్ళు శుక్రవారం రమ్మన్నారని మెల్లగా చెప్పాడు. ఆమె గిన్నెను అరలో బోర్లించి చేతులు తుడుచుకుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, కాసిని పాలైనా వెచ్చబెడతానని అతను ఆ గిన్నె కోసం చేయి చాచాడు.

"అది తీయకు," అంది ఆమె. రెండో చేయి కడుపు మీద ఉంది. "దాంతో పనుంది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆ తల ఎత్తిన తీరు అతనికి తెలుసు. లాండ్రీ గదిలో పీట మీద నిలబడిన మనిషిలో చూశాడు. వేరే గిన్నె తీసి పొయ్యి మీద పెట్టాడు.

అరలో, అంచున నీలం ఎనామిలు పెచ్చు లేచిపోయిన పాత పాల గిన్నె బోర్లా ఉంది. కడిగిన నీళ్ళు దాని అంచు చుట్టూ చెక్క మీద గుండ్రంగా తడి ముద్ర వేస్తున్నాయి.