రాహేలు పొద్దుగాల గోలి

...అట్ల కాదు బిడ్డా ప్రీతీ, ఈ తాత చెప్పేది రాసేటప్పుడు "మా అమ్మ" అని రాయకు. రాహేలు అనే రాయి. మనింట్ల ఆమెను పేరు పెట్టి పిలిసిందెవలు, "ఏమే" అనుడే గద.

రాహేలు నాలుగింటికి లేస్తది. ఈస్టర్ ముంగటి నలభై దినాలు ఇంటిల్లిపాది పొద్దూకేదాక ఉపాసం. మాపటి ప్రార్థనకు ఇరవై మంది వస్తరు. ఉపాసం అందరిది, వంట మాత్రం ఆమెది. ఆమె ఫిట్స్ గోలేమో పొద్దుగాల ఏదన్న తిన్నంకనే ఏసుకోవాలె. మూడేండ్ల సంది ఒక్కనాడు తప్పలే.

"నలభై దినాలు ప్రభువు కోసం ఆపలేవా?" అన్నది అత్త, మీ నాయనమ్మ.

"మానితె జర హుషారైతవ్. ఆ గోలి మత్తుల అన్నం మాడవెడ్తానవ్," అన్నడు మొగడు, నా కొడుకు బెన్నీ.

మాడింది ఒక్కపారి. అదే యాదున్నది అందరికి.

గోలి బంద్ జేసిన ఆరోనాడు పొయ్యి కాడ ఫిట్స్ వచ్చి కొట్టుకుంట పడ్డది. ఉడుకు గంజి మీద వడి చెయ్యి బొబ్బలెక్కింది.

దవాఖానల డాక్టరమ్మ నిమ్మలంగ చెప్పింది: "మెదడుల కణాలు ఒకదాన్నొకటి ఎగదోస్తుంటయ్. ఆపెటందుకు మెదడే ఓ రసం తయారు జేస్తది. అది కణం మీది తలుపును తాకితె తలుపు తెర్సుకుంటది, ఉప్పుల ఉండే క్లోరైడ్ లోపలికి పోతది, కణం సల్లవడ్తది. ఈ గోలి ఆ తలుపును ఇంకింత తెరిపిస్తది. అలవాటైనంక ఒక్కసారే బంద్ జేస్తే తలుపు సరిగ తెర్సుకోదు, కణాలన్ని ఒక్కతీర్గ రేగుతయ్. ఎవలాపమన్నరు?"

"ఆమెనే మర్సిపోయింది మేడం," అన్నడు బెన్నీ.

మర్సిపోయిందట. ఎవని అంగీకి గుండీ ఊడిందో, అత్త బీపీ గోలి ఏ పూటదో, పిల్లకు పరీక్ష ఏనాడో, ఎవలికి చాయ్‌ల చక్కెర వద్దో, అన్ని యాదుంచుకునే మనిషి తన పానం నిలవెట్టే గోలి మర్సిపోయిందట. తలకాయల ఇసుమంత కణానికి గుడ ఆపెటందుకు ఓ తలుపున్నది. "ఆగుండ్రి" అనెటందుకు ఈ ఇంట్ల ఒక్క నోటికి తలుపు లేదాయె. రాహేలు నా దిక్కు జూసింది. నేను చర్చి సంఘపెద్దను. నేల జూసిన.

"మర్సిపోలే మేడం. ఆపిచ్చిండ్రు," అన్నది.

ఇంటికొచ్చినంక బెన్నీ, "ఇజ్జత్ తీసినవ్. ఈస్టర్ దాక సగం గోలే ఏసుకో," అన్నడు.

తెల్లారి గిన్నెడు ఉప్మా జేసుకొని, ఉపాసమున్న మా అందరి నడుమ కూసోని తిన్నది. గోలి మింగింది. నీళ్లు తాగింది. సంచి వట్టుకొని హసన్‌పర్తిల అక్క గ్రేస్ ఇంటికి పోయింది. పోంగ, "మాపటి ప్రార్థనకు బియ్యం నానవెట్టలే," అన్నది. గంతే.

ఇగ గిది రాయి బిడ్డా. డాక్టరమ్మ ముంగట నేను నోరు తెర్సేది ఉండె. తెర్వలే. రేపు పోయి ఇదంత మీ అమ్మకు సదివి వినిపియ్యి. మళ్ల రమ్మని మాత్రం అనకు.