స్పాస్ కోసుకొచ్చిన ఆకు

రోజూ పొద్దున ఏడింటికి, ఆసుపత్రిలో కట్లు కట్టే కలీనా దాని పెరట్లోకి వెళ్లి ఎవరి ఆకులు వాళ్లకి విడివిడిగా కోసుకొచ్చేది. రొదోపి కొండల్లోని ఆ గని ఊళ్లో మానని కాలిపుండు లేని ఇల్లు తక్కువ. ముప్ఫై ఏళ్లు మోకాటిలోతు నీళ్లలో నిలబడి సీసం తవ్వితే కాళ్లు మాత్రం ఎంతకని ఊరుకుంటాయి? పుండు పడ్డవాళ్లు నడివేసవిలో మూలికలు కోసే ఎన్యో పండుగనాడు, మంచు ఆరకముందే, బాట పక్కన మొలిచే జివోవ్లెక్ మొక్క ఒకటి పెకలించి తెచ్చి తమ చేత్తో ఆ పెరట్లో నాటుకునేవాళ్లు. ఆ మొక్క ఒక్కో ఆకే వేసేది. ఆ ఆకు ఆ మనిషి పుండు ఎంతుంటే అంతే, అదే ఆకారంలో ఉండేది. పుండు మానుతుంటే కొత్తాకు చిన్నదయ్యేది, ముదిరితే పెద్దదయ్యేది. ఇందులో వింతేముందో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

కలీనా ఆకుని జనపనార గుడ్డ మీద పరిచి, అంచు వెంటే కత్తిరించి, తర్వాత ఆకుని కల్వంలో తేనె, మైనం వేసి నూరి ఆ గుడ్డకి పట్టించి కట్టు కట్టేది. అందరికీ పనికొచ్చే ఒకే కట్టు తయారుచేద్దామని నగరంలోని ప్రయోగశాల వాళ్లు మూడేళ్లుగా ఆమె ప్రాణం తీస్తున్నారు. ఒకసారి ఆకు పొడి అద్దిన నలుచదరపు కట్లు పెట్టె నిండా పంపారు. అవి కట్టించుకున్న పోస్ట్‌మ్యాన్ పుండు వారం తిరిగేసరికి నలుచదరంగా తయారైంది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి, అంచులు మాత్రం కొలిచి గీసినట్టున్నాయి" అన్నాడతను.

ఆకు పుండుని చూసి పెరుగుతుందని కలీనాకు ముందే తెలుసు. పుండు కూడా కట్టుని చూసి మారుతుందని ఆ రోజు తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఎందుకంటే ఆమె తండ్రి స్పాస్ ఆకు ఆ వేసవిలో అరచేయంత అయింది, కింద వంకరగా ఒక తోక కూడా మొలిచింది. వచ్చే శుక్రవారం దాకా చూసి, తగ్గకపోతే మోకాలి కింద కాలు తీసేస్తానని సర్జన్ చెప్పేశాడు.

"మీ అమ్మ నా అడుగుల చప్పుడు విని తలుపు తీసేది" అన్నాడు స్పాస్ ఆ సాయంత్రం, సూప్ ముట్టకుండా. "రేపు నేను పైకి పోతే, ఒంటికాలి చప్పుడుకి ఎవరో అనుకుని లోపలే కూర్చుంటుంది."

"సూప్ చల్లారిపోతోంది, తాగు నాన్నా."

"నీకేం, నీకు రెండున్నాయి."

కలీనా తండ్రి ఆకుని చిన్నగా కత్తిరించి కూడా చూసింది. తెల్లారేసరికి గుడ్డ చుట్టూ పుండు పొంగుకొచ్చింది. ఇక దారి లేక సోమవారం పొద్దున, తప్పని తెలిసే, వెలికా అత్త ఆకు కోసింది. వెలికా బట్టలు కుట్టుకు బతికే మనిషి. ఆమె ఆకు పప్పుగింజంత అయిపోయింది, ఇంకో వారంలో అదీ ఉండదు. నాలుగు రోజులు ఉత్త గుడ్డ కట్టినా ఆమెకేం కాదులే అనుకుంది కలీనా. ఆ గింజంత ఆకుని తండ్రి కాలికి పెట్టింది.

బుధవారానికి స్పాస్ పుండు బొత్తాం అంత అయింది. అతను రెండు గిన్నెల సూప్ తాగి, ఉప్పు తక్కువైందని కూతురిని తిట్టాడు. కలీనా వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. చాలా రోజుల తర్వాత సంతోషంతో వచ్చిన ఏడుపు అది.

గురువారం స్పాస్, వెలికా కట్ల గది ముందు బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. వెలికా మేజోడు కిందికి జార్చి కాలు చూసుకుంటోంది.

"ఇదేం పాపమో స్పాసన్నా. ఆదివారం దాకా మానిపోయినట్టే ఉంది. ఈ శనివారానికి మా ఆయన పోయి ఏడాది. పాతిపెట్టిన రోజు ఈ కాలి వల్లే శ్మశానం కొండ మెట్లెక్కలేకపోయాను. ఈసారి నా కాళ్ల మీద వస్తానని ఆయనకి మాటిచ్చాను."

స్పాస్ వంగి చూశాడు. అరచేయంత పుండు. కింద వంకరగా తోక.

"కూర్చో వెలికా. ఇప్పుడే వస్తా" అని పెరట్లోకి వెళ్లాడు.

తిరిగొచ్చినప్పుడు అతని టోపీలో రెండు ఆకులున్నాయి, తన మొక్క ఇప్పుడు వేసిన గింజంతది ఒకటి, వెలికా మొక్క వేసిన అరచేయంతది ఒకటి. కట్ల గదిలోకి వచ్చి తలుపు వేసి, పెద్దాకుని కూతురి బల్ల మీద పెట్టాడు.

"నా ఆకు నేనే కోసుకొచ్చాను."

కలీనా కత్తెర కింద పెట్టింది.

"రెండేళ్లు దాని మొహమే చూస్తూ బతికాను అమ్మాయ్. ఎవరి కాలి మీదున్నా గుర్తుపడతాను."

"ఒక్క రోజు నాన్నా. రేపు సర్జన్ చూసేదాకా ఆగు."

"ఆగితే? ఆమె కాలు తీస్తాడు." బల్ల పక్కన కుర్చీలో కూర్చుని ప్యాంటు పైకి మడుచుకున్నాడు. "ముందు నాకు కట్టు. తర్వాత వెలికాని పిలిచి ఆమె గింజ ఆమెకి పెట్టు. ఏం చెప్పకు. మంచి మనిషి, తెలిస్తే వద్దంటుంది."

కలీనా గుడ్డ కత్తిరించింది. మూడేళ్లలో మొదటిసారి అంచు వంకర పోయింది. అయినా కట్టు అతని కాలికి సరిగ్గా సరిపోయింది.

శుక్రవారం కాలు తీసేశారు.

ఆదివారం పొద్దున ఆసుపత్రి వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది, రెండు కాళ్లూ సమానంగా మోపి నడిచే చప్పుడు. గోడవైపు తిరిగి పడుకున్న స్పాస్ ఇటు తిరిగాడు.

"వెలికా వస్తోంది. తలుపు తియ్యి అమ్మాయ్."

ఆమె ఏడాది దినానికి ఉడికించి చక్కెర కలిపిన గోధుమలు కాగితం గిన్నెలో తెచ్చింది. దుప్పటి చదునుగా ఉన్న చోట చూడకుండా కూర్చుంది.

"మెట్లన్నీ ఎక్కావా?" అడిగాడు స్పాస్.

"అన్నీ. మధ్యలో ఆగలేదు కూడా. నీకే ఇలా అయిందేంటి స్పాసన్నా? బుధవారం బాగానే ఉందన్నావుగా."

"పాడు పుండు, దానికి మాటమీద నిలకడ లేదు" అని ఒక చెంచాడు గోధుమలు నోట్లో వేసుకున్నాడు. "చక్కెర బాగా పడింది."

ఆమె వెళ్లేటప్పుడు స్పాస్ కళ్లు మూసుకుని, చప్పుడు వరండా చివరిదాకా వెళ్లేవరకూ విన్నాడు. కలీనా మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని అతని చేయి పట్టుకుంది.

"తీసిన కాలు ఏం చేశారు?" అడిగాడు స్పాస్.

"ఇంకా ఇక్కడే ఉంది నాన్నా."

"మీ అమ్మ పక్కన పాతించు. ముందు అది వెళ్లి తలుపు దగ్గర అడుగు చప్పుడు చేస్తుంది. నేను నిదానంగా వస్తాను."