నెమళ్ళకోనకు పోయిన బీగాల గుత్తి

పొద్దున్నే పాలు పోయించుకునేటప్పుడు కృష్ణవేణమ్మ చెంబు వైపు చూడదు, పాలు పోసేవాడి మొహం చూస్తుంది. మొహం నచ్చకపోతే ఆమె నడుముకున్న బీగాల గుత్తిలో టక్కుమని చిన్న చప్పుడవుతుంది. కొత్త తాళంచెవి ఒకటి మొలిచిందన్నమాట. పాలలో నీళ్ళు కలిసినాయనో కలవలేదనో తేలేదాకా అది గుత్తికి వేలాడుతూనే ఉంటుంది. తేలిననాడు తనంతట తానే ఊడి నేల మీద పడుతుంది.

కొందరికి కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది, కొందరికి దిగులేస్తే కడుపు నొస్తుంది. ఈమెకు అనుమానమొస్తే తాళంచెవి మొలుస్తుంది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరి జనానికి ముక్కున వేలేసుకోవడానికి వేరే సంగతులు చాలా ఉండేవి కాబట్టి దీన్నెవరూ పట్టించుకోలేదు. "నాది ఊడిందామ్మా?" అని పాలవాడు అప్పుడప్పుడూ అడిగేవాడు. "యాడ ఊడింది? నిన్నటికన్నా లావైంది" అనేది కృష్ణవేణమ్మ. అతను తల గోక్కుంటూ పోయేవాడు.

భర్త పోయినాక బట్టలంగడి మరిది శేషయ్య చూసుకుంటున్నాడు. ఆయన మీద మొలిచిన చెవి అరచెయ్యంత ఉంది. పాపం, శేషయ్య తప్పు చేసేవాడైతే ఎప్పుడో దొరికిపోయేవాడు, ఆ చెవీ ఊడిపోయేది. తప్పు చేయని మనిషి మీద పడ్డ అనుమానం తేలేదెట్లా? అది అట్లాగే బలిసింది.

నవ్వుకుంటే నవ్వుకోవచ్చు గానీ, సుభాషిణి విషయంలో మాత్రం ఆ గుత్తి నవ్వులాట కాదు. సుభాషిణి కృష్ణవేణమ్మ చెల్లెలి కూతురు. పురిట్లోనే తల్లి పోతే, పొత్తిగుడ్డల్లో ఉన్న బిడ్డను తెచ్చుకుని సాకింది ఈమె. ఆ పిల్లకు ఒకరిని అనుమానించడం చేతకాదు. ఎండాకాలం వాన పడుతుందంటే గొడుగు తీసుకునే రకం. పెండ్లీడు వచ్చి, ఆ ఈడు కాస్తా దాటిపోతూ ఉంది. సంబంధం వచ్చిన ప్రతిసారీ గుత్తిలో టక్కుమనేది. ఒక పిల్లోడు మరీ ఎక్కువ నవ్వినాడు. ఒకడు అసలు నవ్వలేదు. ఇంకొకని తండ్రి మజ్జిగ రెండోసారి అడిగినాడు. అన్నీ వెనక్కి పోయినాయి.

"వదినా, ఈసారి గూడా బీగం అడ్డమొస్తే ఇంగ మన గడప తొక్కేటోడు ఉండడు" అన్నాడు శేషయ్య, ఆమె నడుము వైపు చూడకుండా.

ఈసారి సంబంధం తెచ్చింది పీరాంబీ. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడిగే మనిషి, ఏ ఇంట్లో పెండ్లికాని పిల్లోడున్నాడో ఆమెకు తెలియకుండా ఉండదు. పిల్లోడి పేరు రామాంజులు. పులివెందులలో సొంతంగా బట్టలంగడి, ఇంట్లో తల్లి యశోదమ్మ తప్ప ఎవరూ లేరు.

"ఇంట్లో చూపులు వద్దక్కా" అంది పీరాంబీ. "నువ్వు తలుపు చాటున నిలబడి చెవులు మొలిపిస్తావు. నెమళ్ళకోనకు పోదాం. వానలు బాగా పడినాయి, నీళ్ళు దుముకుతాండాయంట. ఆడ చూసుకున్నట్టూ ఉంటాది, చూసుకోనట్టూ ఉంటాది."

నెమళ్ళకోన దుముకంటే ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు. పెద్దముడియం దాటి కొండల్లోకి పోతే ఉంటుంది. కార్తీకంలో జమ్మలమడుగు నబీ రసూల్ తన పాత వ్యానులో కొద్దిమందిని ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. కొండదారి తానే ముందు నడిచి చూపించి, కోనలో అన్నం పెట్టించి, పొద్దు గూకేలోపల ఎవరిల్లు వాళ్ళకు చేర్చేవాడు. అడవి తెలిసిన మనిషని పేరు.

ఆ పేరు కృష్ణవేణమ్మకు చాలలేదు. వ్యాను మెట్టు మీద కాలు పెట్టి అక్కడే నిలబడింది. "ఏమప్పా, పోయినోళ్ళనందర్నీ ఎనిక్కి తెస్తావా?"

"రామని వాళ్ళే మొండికేస్తే తప్ప అందర్నీ తెస్తానమ్మా" అన్నాడు నబీ రసూల్.

టక్కుమంది. నబీ రసూల్ గుత్తి వైపొకసారి చూసి, "నాదేనా?" అని నవ్వి బండి తీసినాడు.

జమ్మలమడుగులో రామాంజులూ యశోదమ్మా ఎక్కినారు. మనిషి చామనఛాయ, ఒడ్డూ పొడుగూ బాగానే ఉన్నాడు. కానీ వేసుకున్న తెల్ల అంగీకి గొంతు దాకా గుండీలు పెట్టుకున్నాడు. వ్యానులో ఉక్కపోత, అందరూ కొంగులతో తువ్వాళ్ళతో విసురుకుంటున్నారు. అతను మాత్రం చెమటలు కారుతున్నా పై గుండీ కూడా తీయలేదు. కృష్ణవేణమ్మ గుత్తిలో మళ్ళీ టక్కుమంది. ఈసారిది మొలవడమే బొటనవేలంత మొలిచింది.

సుభాషిణి ఇదేమీ చూడలేదు. కిటికీ పక్కన కూర్చుని, పెద్దముడియం నల్లరేగడిలో మోకాలెత్తు జొన్న గాలికి వంగుతుంటే చూస్తూ ఉంది. యశోదమ్మ అటుకుల ఉండ ఇస్తే తీసుకుని, ఎవరు చేసినారని కూడా అడగకుండా తినేసింది.

బండి దారి ఉన్నంత దూరం వ్యాను పోయింది, తర్వాత నడక. "నేను అడుగు పెట్టిన చోటే మీరూ పెట్టండి. పాచి ఉన్న రాయి నమ్మించి పడేస్తాది" అన్నాడు నబీ రసూల్. ఆ ఒక్క మాటా కృష్ణవేణమ్మకు నచ్చింది. నమ్మించి పడేసేవి రాళ్ళేనా అనుకుంది. ముందు నడుస్తున్న రామాంజులు వీపు మీద నుంచి చూపు తీయలేదు. చెమటకు అంగీ వీపుకు అతుక్కుంటే అతను చప్పున వెనక్కి చెయ్యి పెట్టి లాక్కున్నాడు. అది ఆమె చూసింది.

మలుపు తిరగగానే నీళ్ళు కనబడినాయి. పెన్నలో ఇసక చెలిమెలు తోడుకుని బతికే జనం. కొండ మీంచి అన్ని నీళ్ళు అడిగేవాళ్ళు లేక ఊరికే కింద పడిపోతుంటే చూసి, అందరికీ ఒక్కసారిగా సంతోషమూ, ప్రాణం ఉసూరుమనడమూ రెండూ అయినాయి. "ఒక్క బిందె... ఒక్క బిందె పట్టుకుపోయినా" అంది పీరాంబీ. సుభాషిణి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఈ పిల్ల నవ్వు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఆ క్షణాన కృష్ణవేణమ్మకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. వెంటనే ఆ ఆలోచనను అణిచేసుకుని రామాంజులు మెడ కాడి గుండీ వైపు చూసింది.

కోనలో నబీ రసూల్ పెట్టిన పద్ధతి ఒకటుంది. ముందు మగవాళ్ళు దుముకు కింద తలలు తడుపుకోవాలి, అంతదాకా ఆడవాళ్ళు ఎదురు బండ మీద కూర్చోవాలి. తర్వాత మగవాళ్ళు బండ వెనక్కి పోతే ఆడవాళ్ళ వంతు. నబీ రసూల్ అంగీ విప్పి నీళ్ళలోకి దిగినాడు. వ్యానులో వచ్చిన మిగతా మగవాళ్ళూ దిగినారు. రామాంజులు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడినాడు.

"రాప్పా, ఈడిదాకా వచ్చి తల తడపకుండా పోతారా ఎవురన్నా?" అని నబీ రసూల్ కేకేసినాడు.

"వానికి జలుబులే" అంది యశోదమ్మ, మరీ తొందరగా.

కృష్ణవేణమ్మ నడుము దగ్గర చెవి అప్పుడు సాగడం మొదలుపెట్టింది. బొటనవేలంతది గరిటె కాడంత అయింది. "జలుబంట! పొద్దున్నుంచి ఒక్కసారన్నా చీదినాడా?" అని పీరాంబీ చెవిలో గొణిగింది. "ఒంటి మీద బొల్లి ఉంటాది. లేకుంటే ఎవతెదో పేరు పచ్చబొట్టు పొడిపించుకోనుంటాడు. అది మాపుకోలేక కుత్తిక దాకా గుండీలు."

"ఊరుకో అక్కా, వినబడతాది."

"వినబడనీ." ఇప్పుడు ఆ చెవి బరువుకు ఆమె ఒక పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి ఆనించుకుని లేచింది. "పా సుభా, పోదాం. చూసింది చాలు."

యశోదమ్మ మొహం పాలిపోయింది. రామాంజులు తల వంచుకున్నాడు. పీరాంబీ నెత్తి కొట్టుకుంది. ఇదే ఆఖరి సంబంధమని ఆమెకూ కృష్ణవేణమ్మకూ తెలుసు. సుభాషిణికీ తెలుసేమో, లేవలేదు. కూర్చున్నచోటు నుంచే అతన్ని అడిగింది.

"ఏమండీ, మీరు అంగీ ఎందుకు ఇప్పడం లే? మా పెద్దమ్మ నడుము ఇరిగిపోతాంది."

అట్లా అడుగుతుందని ఎవరూ అనుకోలేదు. రామాంజులు తల్లి వైపు చూసినాడు. తల్లి వద్దని కన్ను తిప్పింది. అతను ఒక్కో గుండీ తీసి, అంగీ విప్పి బండ మీద పెట్టి, వెనక్కి తిరిగి నిలబడినాడు.

లోపల కుట్టించుకున్న గుడ్డ బనీను. దాని వీపు నిండా ఎర్ర సిరా ఏనుగు, తొండమెత్తి నిలబడి ఉంది. ఏనుగు కింద పెద్ద అక్షరాలతో "గట్టి రంగు, ఉతికినా పోదు" అని మిల్లు వాళ్ళ ముద్ర.

"ఏం జెయ్యమంటారమ్మా" అంది యశోదమ్మ, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "గుడ్డ తాను చివర ముద్ర పడిన ముక్క ఎవురూ కొనరు. పారేయడానికి మనసు రాదు. వాని లోబట్టలన్నీ దాంట్లోనే కుట్టిస్తా. పిల్ల వాళ్ళ ముందర పరువు పోతాదని అంగీ ఇప్పొద్దంటి."

బట్టలంగడి ఉన్న ఇంట్లో ముద్ర గుడ్డ ఎక్కడికి పోతుందో కృష్ణవేణమ్మకొకరు చెప్పాలా? ఆమె ఇంట్లో దిండు గలీబులన్నీ ఆ ఏనుగులే. అంతదాకా ఎందుకు, ఆ పూట ఆమె చీర కింద కట్టుకున్న పావడా మీద కూడా ఒక ఏనుగు నిలబడే ఉంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. పీరాంబీ ఆ ఇంటి దిండ్ల సంగతి తెలిసినది కాబట్టి బండ మీద పడి పడి నవ్వింది. గరిటె కాడంత చెవి ఊడి ఖంగుమని రాతి మీద పడింది. రామాంజులు ఏనుగుతో సహా నీళ్ళలోకి దూకినాడు.

"ఇంగ చెప్పక్కా" అంది పీరాంబీ కళ్ళు తుడుచుకుంటూ. "సరే అను."

కృష్ణవేణమ్మ నోరు తెరిచింది. ఒక్క అనుమానం దొరుకుతుందేమోనని మనసంతా గాలించింది. తల్లి మీద? లేదు. అంగడి మీద? లేదు. గుత్తి కదలలేదు. అయినా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఆలోచించి చెప్తాం."

టక్కుమంది. ఆమె గుత్తిలో కాదు. పక్కన నిలబడిన సుభాషిణి నడుము దగ్గర, కుచ్చిళ్ళ పక్కన, కొత్తగా మెరుస్తూ చిన్న తాళంచెవి ఒకటి వేలాడుతూ ఉంది. చింతగింజంత కూడా లేదు.

ఆడవాళ్ళ వంతు వచ్చింది. పెద్దమ్మా కూతురూ చీరలతోనే దుముకు అంచున నిలబడినారు. ఆ హోరులో పక్కన ఉన్నవాళ్ళ మాట తప్ప ఇంకేదీ వినబడదు.

"ఆయప్ప మీద మొలిచిందా?" అని అడిగింది కృష్ణవేణమ్మ, కాదని తెలిసే.

"నీ మీద పెద్దమ్మా" అంది సుభాషిణి. "నన్ను పంపడం నీకిష్టం లే గదా?"

ఛీ అదేం మాట అంటే ఆ పూటకు సరిపోయేది. కానీ తేలని చెవి ఎట్లా బలుస్తుందో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? శేషయ్య చెవి మొలిచిన నాటి నుంచి ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు, ఆయన తెచ్చిన పండు ఒక్కటీ నోటికి తీపి అనిపించింది లేదు. ఈ పిల్ల అటుకుల ఉండ ఎవరిచ్చినా తినే పిల్ల. దీని నడుముకు ఆ బరువు కట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

"ఇష్టం లే" అంది. "ఎన్నడూ లే. వచ్చినోళ్ళలో చెడ్డోడు ఒక్కడూ లేడేమో. నువ్వు పోతే పొద్దున్నే లేసి ఎవురి మొగం చూడల్లనో నాకు తెలీదు. అందుకే అందరి మీదా మొలిపించుకున్యా."

చింతగింజంత చెవి ఊడి నీళ్ళలో పడింది. చప్పుడు కూడా కాలేదు. సుభాషిణి ఏడ్చింది. ఏడుస్తూనే కోపంగా అంది. "ముందే ఒక్క మాట చెప్పింటే, నేనే ఉండిపోయింటి గదా!"

"అందుకే చెప్పలే."

సుభాషిణి ఆ మాటకు పెద్దమ్మ భుజం మీద తల పెట్టింది. నీళ్ళు ఇద్దరి మీదా పడుతూనే ఉన్నాయి. అప్పుడు కృష్ణవేణమ్మ, అన్ని సంబంధాల్లో ఏనాడూ అడగని మాట అడిగింది.

"ఆ పిల్లోడు నచ్చినాడా నీకు?"

"వాళ్ళమ్మ వద్దన్నా, అడిగితే దాచలే గదా" అంది సుభాషిణి. తర్వాత మొహం పక్కకు తిప్పుకుని, "నచ్చినాడు" అంది.

బండ వెనకాల నబీ రసూల్ విస్తళ్ళు వేయిస్తున్నాడు. తడిచీర పిండుకుంటూ కృష్ణవేణమ్మ నేరుగా పోయి యశోదమ్మ ముందు నిలబడింది. కట్నాల మాట గానీ ముహూర్తం మాట గానీ ఎత్తలేదు.

"మా పిల్లకు ఉరుములంటే శానా భయం. వానాకాలం పక్కన ఎవురన్నా పండుకోవల్ల."

"నేను పండుకుంటాలేమ్మా" అంది యశోదమ్మ.

కృష్ణవేణమ్మ ఆ మాట నమ్మింది.