కాలి వేలికి కట్టు

కొత్తవాడలో గుంట మగ్గం మీద కూర్చునే మాకందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, సున్నం బెల్లం కలిపి పెడితే కరుగుతుంది. తొక్కుడు చెక్కలకు వేళ్లు కొట్టుకునే బతుకులు మావి. నాకే ఎన్నోసార్లు కట్టింది. అందుకే నా భార్య రాజవ్వ గజ్జల్లో గడ్డ లేచిందని, సలుపుతోందని చెప్పగానే ముందు ఆమె కాళ్లు చూశాను. ఎడమ బొటనవేలు చితికి ఉంది.

"గదే, బిళ్ళ కట్టింది. ఫికర్ జేయకు," అన్నాను. ఎంబీబీఎస్ చదివినవాడు కూడా అంత ధీమాగా అనడు.

మర్నాటికి గడ్డ రాయిలా అయింది.

"జర దవాఖానకు పోదాం. ఓర్సుకునేటట్టు లేదు," అంది.

వీధి చివరి క్లినిక్‌కు తీసుకుపోయాను. డాక్టరు మా అబ్బాయి ఉదయ్ ఈడు పిల్లవాడు. కొడుకు వయసు వాడి ముందు చీర ఎలా జరపాలో తెలియక రాజవ్వ కాలు చాపింది.

"ఏలు చితికింది సార్," అంది.

"ఇంకేమైనా ఇబ్బంది ఉందామ్మా?"

ఆమె నా వైపు చూసింది. చెప్పమనే ఆ చూపు. నాకూ సిగ్గు అడ్డమొచ్చింది.

"ఏం లేదు సార్," అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఆయన పుండు కడిగి, తెల్లగా కట్టు కట్టి, గోలీలు రాశాడు.

"బిళ్ళ సంగతి చెప్పకపోతివి," అంది ఆటోలో.

"ఏలు మానితే గదే కరుగుతది," అన్నాను.

తెల్లారేసరికి వాంతులు. కడుపు ఉబ్బింది. పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు గడ్డ చూసి నన్ను బయటికి పిలిచింది.

"ఇది బిళ్ళ కాదు. పేగు జారి ఇరుక్కుంది, కుళ్లింది. నొప్పి మొదలైనప్పుడే ఎందుకు చూపించలేదు?"

"చూపించినం మేడం."

"ఏం చూపించారు?"

నా తెలివి మీద మన్ను పొయ్య.

ఆపరేషన్ చేశారు. విషం అప్పటికే ఒళ్లంతా పాకిందన్నారు. ఆరో రోజు రాజవ్వ పోయింది.

ఇంటి ముందు పడుకోబెట్టాక, పాదాలకు పసుపు రాయడానికి ఆమె చెల్లెలు సోమక్క కూర్చుంది. మాసిన కట్టు మెల్లగా విప్పింది.

"బావా, ఏలు మంచిగ మానింది," అంది.