పాత బండి, పాత మొగుడు

ఒంటి చేత్తో బాగుచేసుకున్న పాతకాలం కారు అట, అమ్మకం ప్రకటనలో అలా రాయించుకోవడానికి ఆ మనిషికి మొహం ఎలా చెల్లిందో, మరి ఆదివారాలన్నీ ఆ బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకున్నది ఎవరు, గోళ్లలో గ్రీజు పోక సోమవారం పొద్దున పేషెంటు నోరు తెరిచేలోగా గబగబా గ్లౌజులు తొడుక్కున్నది ఎవరు, అనుకుంటూనే పళ్ల డాక్టరమ్మ ఆ ఇంటి గేటు తోసింది, ఒకప్పుడు ఈ ఇంటి తాళంచెవి ఆమె కొంగునే ఉండేది, ఇప్పుడు ఇల్లూ అతనిదే, బండీ అతనిదే, కాగితాలు నా పేరు మీదున్నాయి అని ఒక్క ముక్కతో తేల్చేశాడు విడిపోయేటప్పుడు, నిన్న ఫోన్ చేసి నేను కొంటాను అంటే, వచ్చి చూసుకో అన్నాడు, చూసుకుంటుంది, ఎందుకు చూసుకోదు, ముక్కూ మొహం తెలియని బేరం మనిషి ఎలా చూస్తుందో అలాగే, రేకు రేకూ తట్టి మరీ చూసుకుంటుంది.

షెడ్డులో అదే లేత ఆకుపచ్చ, అవే గుండ్రటి దీపాలు, చూపు అక్కడ ఆగనివ్వకుండా సంచిలోంచి అయస్కాంతం తీసింది, రంగు గీసుకుపోకుండా గుడ్డ చుట్టి తెచ్చింది, తలుపుకి టక్కున అంటుకుంది, బానెట్‌కి అంటుకుంది, వెనక చక్రం పైనున్న రేకు దగ్గరికి వచ్చేసరికి సర్రున జారింది, ఇక్కడ ఇనుము లేదు, పుట్టీ పెట్టించారు అంది, అదా, నువ్వెళ్లాక గోడకి రాసుకుందిలే, చిన్న సొట్ట అన్నాడు, సొట్ట కాదు తుప్పు, పుచ్చు గీకకుండా పైన సిమెంటు మెత్తేస్తే లోపల ఏం జరుగుతుందో పన్నెండేళ్లు పళ్ల డాక్టరుతో కాపురం చేసినవాడికి వేరే చెప్పాలా, అయినా అతని పద్ధతే అది, ఎంత గొడవ జరిగినా సాయంత్రానికి ఓ చీర తెచ్చి పడేసి, అయిపోయిందిగా ఇంక మొహం అలా పెట్టకు అనేవాడు, ఏదీ అయిపోయేది కాదు, అడుగున అలాగే ఉండేది, ఆమె వంగి పొడుగు పిడి ఉన్న చిన్న అద్దాన్ని ఇంజిను కిందకి పెట్టింది, క్లినిక్ అద్దం కూడా పట్టుకొచ్చావా అని నవ్వాడు, నవ్వనీ, నూనె చెమ్మ కనిపిస్తోంది, ఈ రెండేళ్లలో ఒక్కసారైనా కిందకి తొంగి చూసి ఉంటే కదా.

అక్కా, మంచినీళ్లు తీసుకోండి, ఎండన పడి వచ్చారు, అంటూ లోపల్నుంచి అతని కొత్త భార్య వచ్చింది, ఏడో నెలో ఎనిమిదో నెలో, ఏ వరసన అక్కో ఆ పిల్లకే తెలియాలి, ఒళ్లు భగ్గుమంది, అయినా గ్లాసు అందుకుంది, ఆయన ఎంత కష్టపడ్డారో అక్కా, ఇంజినంతా విప్పి ఒక్కరే బిగించారంట, అమ్మాలంటే నాకే ప్రాణం ఉసూరుమంటోంది, అంది ఆ పిల్ల, ఎంత నిజమనుకుని చెబుతోందో, డాక్టరమ్మ అతనివైపు చూసింది, అతను టైరువైపు చూశాడు, కార్బురేటర్‌లో పిన్ను ఎటు తిప్పాలో అడుగమ్మా నీ మొగుణ్ణి, అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది, ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడిన తీరు చూసి నీళ్లతోపాటు మింగేసింది, ఓసారి నడిపి చూస్తాను అంది.

చోక్ కొంచెం లాగు, అన్నాడు పక్క సీట్లో కూర్చుంటూ, ఎవరికి చెబుతున్నాడు, ఆ చోక్ తీగ వేసిందే తను, రెండో తిప్పుకి ఇంజిను అందుకుంది, వీధిలోకి వచ్చారో లేదో, గేరు మార్చు, అక్కడ గొయ్యి ఉంది, ఆటో వస్తోంది, హారన్ కొట్టు, లేని బ్రేకుని అతని కాలు నేలకేసి తొక్కుతోంది, ఇదివరకూ ఇంతే, అప్పుడు పళ్లు బిగబట్టుకుని ఊరుకునేది, ఇప్పుడు మందుల షాపు ముందు బండి ఆపేసింది, దిగు అంది, అదేమిటి అన్నాడు, పన్నెండేళ్లు మీరు, మీరు అన్న నోట్లోంచి దిగు అని రావడం అతని చెవికి పట్టినట్టుంది, నువ్వు దిగు, నేనొక్కదాన్నే ఓ చుట్టు తిప్పి తెస్తాను, బండి ఇంకా నాదే అన్నాడు, ఎత్తుకుపోనులే, దిగు.

తలుపు పడిన చప్పుడు, గేరు వేసి బండి కదిలించింది, ఇప్పుడు ఏడుపొస్తుందని ఎదురుచూసింది, రెండేళ్లుగా ఈ వీధి మొగలోకి వస్తే చాలు కళ్లు నిండేవి, ఖాళీ సీటు చూస్తే ఇంక ఆగదనుకుంది, చూసింది, ఖాళీగా ఉంది, అంతే, కళ్లు పొడిగానే ఉన్నాయి, చెవులు మాత్రం ఇంజిను వెంట పోతున్నాయి, ముందు చక్రం కాస్త ఎడమకి లాగుతోంది, సరిచేయించవచ్చు, ఆ తుప్పు రేకు కోసేసి కొత్తది వేయించాలి, స్కూలు గోడ పక్కనుంచి మూడో గేరులోకి మారుతుంటే బండి మెత్తగా ముందుకి ఊగింది, ఒళ్లంతా హాయిగా అనిపించింది, ఆ హాయి మీద కూడా కోపమొచ్చింది, ఇంత తేలిగ్గానా అని, ఆదివారాలు గుర్తు చేసుకోబోయింది, గుర్తొచ్చినవన్నీ బోల్టులు, పెట్రోలు వాసన, మొదటిసారి ఇంజిను పలికిన సాయంత్రం, వాటిలో అతనెక్కడున్నాడా అని వెతికింది, ఎక్కడో గుమ్మంలో నిలబడి, అన్నం చల్లారిపోతోంది, నీకు నాకంటే ఆ బండే ఎక్కువ, అంటున్నాడు, చాల్లెండి, బాగుంది మీ మాట, అని బండి కిందనుంచే తను కొట్టిపారేస్తోంది, తల కూడా బయటపెట్టకుండా, ఇన్నాళ్లూ అతనికోసం ఏడుస్తున్నాననుకుంది, కడుపు మండి అతన్ని తిట్టుకుంది, తిట్టుకున్న ప్రతిసారీ తనని తనే ఓదార్చుకుంది, మలుపు దగ్గర స్టీరింగు తిప్పుతూ ఆమె ఇంక కాదనలేకపోయింది, పాపం ఆ మనిషి అన్నది నిజమే, తనకి కావలసింది బండే, మొదటినుంచీ బండే.